రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆడిన ఒక సాధారణ ఇంగ్లిష్ ఫుట్‌బాలర్ వృత్తి జీవితాన్ని కూర్చడం ఎలా?

1919 నుంచి 1939 వరకు ఇంగ్లండ్‌లో సాగిన ఫుట్‌బాల్‌లో డిక్సీ డీన్, డేవిడ్ జాక్ వంటి పేరుమోసిన ఆటగాళ్ల గురించి తెలుసుకోదలిచినవారికి సమాచారానికి కొదవ లేదు. అయితే ఆ ఇరవై ఏళ్లూ వారం వారం జరిగిన ఆటలో అధిక భాగం ఆడినవారు వేరు. ఒక క్లబ్బులో రెండు సీజన్లు, మరో క్లబ్బులో పది మ్యాచ్‌లు, ఇంకో చోట ఏడాది పొడవునా రిజర్వు జట్టు, ఆ తర్వాత లీగ్ (ఇంగ్లండ్ వృత్తి క్లబ్బుల ప్రధాన పోటీ అయిన ఫుట్‌బాల్ లీగ్) బయట ఏదో చిన్న పట్టణం, ముప్పై ఐదేళ్లు నిండేసరికి మళ్లీ గనిలోనో మిల్లులోనో పని: ఇదీ వాళ్ల బతుకు క్రమం. వీరిలో ఏ ఒక్కరి పేరునైనా మీరు సిగరెట్ పెట్టెల్లో వచ్చే ఒక పాత బొమ్మ కార్డు మీదో, జట్టు ఫొటో కిందో చూసి, ఇతనెవరో తెలుసుకోవాలని అనుకుంటే, హైదరాబాద్‌లో కూర్చునే అతని వృత్తి జీవితాన్ని చాలావరకు తిరిగి కూర్చవచ్చు. ఆ పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ పొరబడే ప్రమాదం ఉందో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ముందుగా చేయవలసింది కథ రాయడం కాదు, ఒక పట్టిక గీయడం. సీజన్‌కు ఒక వరుస చొప్పున, ఆగస్టు చివర మొదలై మే మొదట్లో ముగిసే సంవత్సరాన్ని ఒక ప్రమాణంగా తీసుకుని, అతని రిజిస్ట్రేషన్ (లీగ్‌లో అతన్ని ఆడించే హక్కు) ఎవరి చేతిలో ఉంది, అతను నిజంగా ఎక్కడ ఆడాడు, ఎన్ని మ్యాచ్‌లు, ఏ స్థానంలో, సీజన్ ముగిశాక క్లబ్బు అతన్ని ఏం చేసింది అనే గడులు పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ గడినీ ఆడిన చోటు గడినీ వేర్వేరుగా ఉంచడం చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ రెండూ ఒకటి కాని సందర్భాల్లోనే సాధారణ ఆటగాడి జీవితమంతా దాగి ఉంటుంది. తెలియని గడిని ఖాళీగానే వదలండి. అందమైన ఊహతో నింపిన గడి ఆ తర్వాత మీరు రాసే ప్రతి వాక్యాన్నీ పాడు చేస్తుంది.

ఆనాటి నిబంధనలు తెలియకుండా పట్టిక చదవలేము

ఒక ఆటగాడు ఎనిమిదేళ్లలో ఆరు క్లబ్బులు మారాడంటే నేటి పాఠకుడు అతన్ని నిలకడ లేనివాడనో, డబ్బు కోసం తిరిగినవాడనో అనుకుంటాడు. నిజానికి ఆ రోజుల్లో డబ్బు కోసం క్లబ్బు మారడంలో పెద్దగా అర్థమే లేదు. వేతనానికి లీగ్ ఒక గరిష్ఠ పరిమితి విధించింది. 1922 నుంచి అది ఆట సాగే 37 వారాలకు వారానికి 8 పౌండ్లు, వేసవిలోని 15 వారాలకు వారానికి 6 పౌండ్లు. గెలిస్తే 2 పౌండ్లు, డ్రా అయితే 1 పౌండు బోనస్. ఇది గరిష్ఠం మాత్రమే. మూడో డివిజన్‌లో ఆడినవారిలో చాలామందికి అంత దక్కలేదు, రిజర్వు జట్టుకు జారితే జీతం తగ్గే ఒప్పందాలు కూడా ఉండేవి. కొత్త క్లబ్బులో సంతకం చేసినందుకు ఆటగాడికి చట్టబద్ధంగా దక్కేది 10 పౌండ్లు. ఒకే క్లబ్బులో అయిదేళ్లు పనిచేసినవారికి ఇచ్చే బెనిఫిట్ (ఒకేసారి ముట్టజెప్పే మొత్తం) గరిష్ఠంగా 650 పౌండ్ల వరకు ఉండేది, కానీ అది హక్కు కాదు, డైరెక్టర్ల దయ. తరచూ ఊళ్లు మారినవాడు ఆ పెద్ద మొత్తాన్ని చూసే అవకాశం దాదాపు లేదు. 1928లో డేవిడ్ జాక్ కోసం ఆర్సెనల్ బోల్టన్‌కు 10,890 పౌండ్లు చెల్లించినప్పుడు కూడా ఆ డబ్బు ఒక క్లబ్బు నుంచి మరో క్లబ్బుకు వెళ్లిందే తప్ప ఆటగాడి జేబులో పడలేదు.

వేతన పరిమితి కంటే బలమైన పగ్గం మరొకటి ఉంది. ఒప్పందాలు ఏడాదికి ఒకసారి ముగిసేవి, కానీ రిజిస్ట్రేషన్ ముగిసేది కాదు. ప్రతి సీజన్ చివర ప్రతి క్లబ్బూ తాను అట్టిపెట్టుకునే ఆటగాళ్ల జాబితానూ, ఇంత ధరకు వదులుకుంటానని ప్రకటించే బదిలీ జాబితానూ లీగ్‌కు పంపేది. మొదటి జాబితాలో పేరున్నవాడు క్లబ్బు చెప్పిన జీతానికి ఒప్పుకోవాలి, లేదా లీగ్‌లో ఆడడం మానుకోవాలి. రెండో జాబితాలో ఉన్నవాడు ఆ ధర చెల్లించే క్లబ్బు దొరికేదాకా ఎదురుచూడాలి, ఈలోగా జీతం ఉండదు. ఏ జాబితాలోనూ పేరు లేకపోతేనే అతను స్వేచ్ఛగా ఎక్కడికైనా వెళ్లగలడు, అంటే ఆ స్వేచ్ఛ అతను ఎవరికీ అక్కరలేనప్పుడే దొరికేది. గరిష్ఠ వేతనం 1961లో రద్దయింది, ఈ బంధనాన్ని 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ కేసులో న్యాయస్థానం తప్పుపట్టింది. మన ఆటగాడికి అవేవీ అక్కరకు రాలేదు.

అందువల్ల ప్రతి ఏడూ ఏప్రిల్ చివరి వారం నుంచి మే నెలాఖరు దాకా స్థానిక పత్రికల్లో వచ్చిన ఈ జాబితాలను వెతకడం మీ పనిలో అత్యంత ఫలవంతమైన భాగం. అతన్ని క్లబ్బు వదిలేసిందా, ధర కట్టిందా, ఆ ధరను వేసవిలో తగ్గించిందా అన్నది తెలిస్తే, ఆగస్టులో అతను ఎందుకు మరో ఊళ్లో తేలాడో దానంతట అదే తెలుస్తుంది. సీజన్ మధ్యలో జరిగిన బదిలీల్లో మార్చి 16 అనే తేదీని గుర్తుంచుకోండి. ఆ తర్వాత బదిలీ అయినవారిని ఆడించడంపై లీగ్ ఆంక్షలు ఉండేవి గనుక మార్చి రెండో వారంలో బదిలీల హడావుడి కనిపిస్తుంది.

మ్యాచ్‌లను లెక్కించడం

నిబంధనలు అర్థమయ్యాక మ్యాచ్‌ల దగ్గరకు రండి. 1919-20లో రెండు డివిజన్లతో తిరిగి మొదలైన లీగ్ 1920లో మూడో డివిజన్‌ను చేర్చుకుంది. మరుసటి ఏడాది అది ఉత్తర, దక్షిణ విభాగాలుగా విస్తరించింది, 1923 నాటికి మొత్తం క్లబ్బులు 88 అయ్యాయి. అంటే వృత్తి ఆటగాళ్లకు కొన్నేళ్లలోనే వందల కొలువులు కొత్తగా పుట్టాయి. మీ మనిషి దాదాపుగా ఈ విస్తరణ వల్ల లీగ్‌లోకి వచ్చినవాడే అయి ఉంటాడు. లీగ్‌లో ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారో చెప్పే సంకలనాలు ఉన్నాయి, వాటిని మొదటి మెట్టుగా వాడుకోండి. కానీ అవి సీజన్ మొత్తాన్నే చెబుతాయి. ఏ వారం జట్టులోకి వచ్చాడు, ఏ వారం పోయాడు, ఎవరి స్థానంలో వచ్చాడు అన్నవి పత్రికల్లోనే దొరుకుతాయి.

బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ వంటి డిజిటల్ సంగ్రహాల్లో ఆటగాడి ఇంటిపేరుతో వెతకడం అందరూ మొదట చేసే పని, చాలాసార్లు నిరాశ మిగిల్చే పని కూడా. అరిగిపోయిన అచ్చును యంత్రం సరిగా చదవలేదు. పేప్ అన్న పేరును పేజ్ అనో పోప్ అనో చదివితే మీ వెతుకులాటలో ఆ పుట రానే రాదు. దానికి బదులు క్లబ్బు ఆడిన మ్యాచ్‌ల తేదీల పట్టికను ముందు పెట్టుకుని, ఆ తేదీ తర్వాతి సంచికను తెరిచి కంటితో చదవండి. నెమ్మదైన పద్ధతే, కానీ నమ్మదగినది ఇదే. శనివారాలు మాత్రమే చూసి ఆగకండి. డిసెంబరు 25, 26 తేదీల్లోనూ ఈస్టర్ రోజుల్లోనూ మ్యాచ్‌లు ఉండేవి, తరచుగా ఒకే ప్రత్యర్థితో ఒకటి సొంత ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో. పండగ సెలవుల వల్ల వాటి వివరాలు పత్రికల్లో ఆలస్యంగా వస్తాయి.

జట్టు వివరాన్ని చదివే తీరు ఒకసారి అలవడితే మరచిపోరు. ముందు గోల్‌కీపర్ పేరు, సెమీకోలన్. తర్వాత ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు (వెనక వరుస రక్షకులు), సెమీకోలన్. తర్వాత ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు (మధ్య వరుసవారు), సెమీకోలన్. చివరగా అయిదుగురు ఫార్వర్డ్‌లు, కుడి అంచు నుంచి ఎడమ అంచు దాకా వరుసగా. కాబట్టి చివరి అయిదింటిలో మూడో పేరు సెంటర్ ఫార్వర్డ్‌ది, అయిదో పేరు అవుట్‌సైడ్ లెఫ్ట్‌ది. చొక్కాల మీద నంబర్లను లీగ్ 1939లో గానీ తప్పనిసరి చేయలేదు, అందుచేత ఆ వరుసే మనకు ఆధారం. మధ్యలో ఆటగాణ్ని మార్చే వీలు 1965 దాకా లేదు. పదకొండు పేర్లంటే పదకొండుగురే, గాయపడినవాడు అంచున కుంటుతూ నిలబడేవాడు, లేదా బయటికి పోతే జట్టు పదిమందితో ఆడేది. జాబితాలో ఎక్కడైనా ‘ఎ. ఎన్. అదర్’ అని కనిపిస్తే అది మనిషి పేరు కాదు, ఆ స్థానం ఇంకా నిర్ణయం కాలేదని అర్థం.

ఇక్కడే ఒక హెచ్చరిక. మ్యాచ్‌కు ముందు అచ్చయిన జట్టును ఎన్నడూ లెక్కలోకి తీసుకోకండి. దీనికి ఆల్బర్ట్ పేప్ ఉదంతాన్ని మించిన ఉదాహరణ లేదు. 1925 ఫిబ్రవరి 7న లండన్‌లోని క్లాప్టన్ ఓరియెంట్ జట్టు రెండో డివిజన్ మ్యాచ్ ఆడడానికి ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వచ్చింది. ఆ జట్టుతో కలిసి ప్రయాణించిన ఫార్వర్డ్ పేప్. మైదానం చేరాక, ఆట మొదలయ్యే లోపే, అతన్ని మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మేందుకు రెండు క్లబ్బులూ ఒప్పుకున్నాయి, అధికారుల అనుమతి వచ్చింది, ఉదయం తన సహచరులుగా ఉన్నవారి మీదే అతను మధ్యాహ్నం ఎరుపు చొక్కాతో బరిలోకి దిగాడు. యునైటెడ్ 4-2తో గెలిచింది, వాటిలో ఒక గోల్ అతనిదే. క్లబ్బుల మధ్య చేతులు మారింది వెయ్యి పౌండ్ల పైచిలుకు. ఆ సీజన్ చివర యునైటెడ్ మొదటి డివిజన్‌కు ఎక్కింది, కానీ అదే ఏడాది పేప్ ఫుల్‌హామ్‌కు వెళ్లిపోయాడు. ఓరియెంట్‌కు ముందు రోథర్‌హామ్ కౌంటీ, నాట్స్ కౌంటీ, ఫుల్‌హామ్ తర్వాత లీగ్ బయటి క్లబ్బులు, మళ్లీ హార్టిల్‌పూల్స్ యునైటెడ్, హాలిఫాక్స్ టౌన్: ఇదీ అతని దారి. అతనికి కాస్త పేరు మిగిలింది ఆ ఒక్క మధ్యాహ్నం వల్లనే. అటువంటి మధ్యాహ్నం లేని వందలమంది దారి కూడా ఇలాగే ఉంటుంది, వారికోసమే ఇంత ఓపిక పట్టాలి.

పేప్ ఆడిన క్లబ్బుల పేర్లనే చూడండి. రోథర్‌హామ్ కౌంటీ 1925లో పొరుగు క్లబ్బుతో కలిసి రోథర్‌హామ్ యునైటెడ్ అయింది, క్లాప్టన్ ఓరియెంట్ 1946లో లేటన్ ఓరియెంట్ అయింది. మీ పట్టికలో ఆ సీజన్‌లో క్లబ్బుకున్న పేరే రాయాలి. బ్రాడ్‌ఫర్డ్ అని మాత్రమే కనిపిస్తే మరింత జాగ్రత్త అవసరం, ఆ ఊళ్లో రెండు లీగ్ క్లబ్బులు ఉండేవి.

కొన్ని మ్యాచ్‌లు రికార్డుల్లోనుంచే తొలగిపోయాయి. 1931 అక్టోబరులో విగాన్ బరో క్లబ్బు డబ్బు లేక సీజన్ మధ్యలో లీగ్ నుంచి తప్పుకున్నప్పుడు ఆ సీజన్‌లో అది ఆడిన మ్యాచ్‌లన్నింటినీ కొట్టివేశారు. వాటిలో ఆడినవారి పేర్లు, ప్రత్యర్థుల పేర్లతో సహా, అధికారిక లెక్కలోకి రావు. 1919 అక్టోబరులో లీడ్స్ సిటీ ఉదంతం వేరు. యుద్ధకాలపు చెల్లింపుల లెక్కల పుస్తకాలు చూపడానికి నిరాకరించిన ఆ క్లబ్బును లీగ్ బహిష్కరించింది, దాని మిగిలిన మ్యాచ్‌లను పోర్ట్ వేల్ ఆడింది. ఆటగాళ్లను మాత్రం లీడ్స్‌లోని మెట్రోపోల్ హోటల్లో వేలం వేశారు. ఆ సీజన్‌లో లీడ్స్ సిటీ తరఫున ఆడినవాడు అక్టోబరు నుంచి మరో ఊళ్లో ఎందుకున్నాడన్న ప్రశ్నకు జవాబు ఆ హోటల్ గదిలో ఉంది. అధికారిక అంకెనూ, నిజంగా ఆడిన అంకెనూ రెండింటినీ రాయండి, తేడాకు కారణం పక్కనే చెప్పండి.

ఖాళీలు

పట్టిక నింపుతూ పోతే కొన్ని సీజన్లు తెల్లగా మిగులుతాయి. వాటిని చూసి అతను ఆట మానేశాడని తీర్మానించవద్దు. మొదట రిజర్వు జట్లను చూడండి: ఉత్తరాది పెద్ద క్లబ్బుల రిజర్వులు సెంట్రల్ లీగ్‌లో, లండన్ ప్రాంతంవి లండన్ కాంబినేషన్‌లో ఆడేవి. ఒకే క్లబ్బులో మూడేళ్లు జీతం తీసుకుని మొదటి జట్టులో నాలుగుసార్లే ఆడినవాడు విఫలుడు కాడు, అది ఉద్యోగమే. రెండో అవకాశం లీగ్ బయటి క్లబ్బులు. మిడ్‌లాండ్ లీగ్, చెషైర్ కౌంటీ లీగ్, లాంకషైర్ కాంబినేషన్, నార్త్ ఈస్టర్న్ లీగ్ వంటి పోటీల్లోని క్లబ్బులకు ఫుట్‌బాల్ లీగ్ బదిలీ నిబంధనలు వర్తించేవి కావు. తన మీద పెట్టిన ధర ఎవరూ చెల్లించకపోతే ఆటగాడు అక్కడికి వెళ్లి ఆడుకోవచ్చు, పాత క్లబ్బు చేతిలో అతని లీగ్ రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉండేది. నేను రెండు గడులు వేరుగా పెట్టమన్నది ఇందుకే. మూడేళ్ల తర్వాత అతను లీగ్‌లో మళ్లీ కనిపిస్తే, ఆ రిజిస్ట్రేషన్‌ను కొత్త క్లబ్బు కొన్నదా, పాత క్లబ్బు ఉచితంగా వదిలేసిందా అని వెతకాలి.

ఇవేవీ కాకపోతే స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ లీగ్‌లనూ, 1920ల్లోనైతే అమెరికన్ సాకర్ లీగ్‌నూ, 1932 తర్వాత వృత్తి ఫుట్‌బాల్ మొదలైన ఫ్రాన్స్‌నూ చూడండి.

మనిషిని గుర్తించడం

ఇంటిపేరు, మొదటి అక్షరం తప్ప మరేమీ తెలియకపోతే ఇద్దరు మనుషులను ఒకరిగా కలిపేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. జె. స్మిత్‌లు ఒకే కాలంలో ఎంతమంది ఆడారో చూస్తే గుండె జారుతుంది. పుట్టిన తేదీ, ఊరు నిర్ధారించుకునేదాకా రెండు క్లబ్బుల రికార్డులను కలపకండి. ఆటగాళ్లు వయసు తగ్గించి చెప్పుకోవడం మామూలే గనుక సీజన్ ఆరంభంలో పత్రికలు వేసే పరిచయాలను నమ్మకుండా ఇంగ్లండ్, వేల్స్ జనన సూచికను చూడండి. అది మూడు నెలలకు ఒక భాగంగా ఉంటుంది. పుట్టిన 42 రోజుల లోపు నమోదు చేయించే గడువు ఉన్నందువల్ల డిసెంబరులో పుట్టినవాడు మరుసటి సంవత్సరం మొదటి భాగంలో కనిపించవచ్చు.

ఈ కాలానికి జనాభా లెక్కల సాయం ఒక్కసారే ఉంది. 1931 లెక్కల పత్రాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో లెక్కలే జరగలేదు. 2022లో అందుబాటులోకి వచ్చిన 1921 లెక్కలు మాత్రం మనకు వరం, ఎందుకంటే అందులో వృత్తితో పాటు పని ఇచ్చేవారి పేరూ అడిగారు. అయితే ఆ లెక్కలు తీసింది జూన్ 19న, అంటే ఆట లేని వేసవిలో. ఫుట్‌బాలర్ అని కాకుండా గని కూలీ అని రాసి ఉంటే అతను మీ మనిషి కాడని కొట్టివేయకండి. వేసవి జీతం చాలక, లేదా ఒప్పందమే లేక పాత పనిలోకి దిగినవాడు కావచ్చు. ఆ ఒక్క మాట అతని ఆర్థిక స్థితి గురించి పది మ్యాచ్ నివేదికల కంటే ఎక్కువ చెబుతుంది. 1890ల్లో పుట్టినవాడైతే మొదటి యుద్ధంలో సైన్యంలో పనిచేసి ఉండే అవకాశం ఎక్కువ, కానీ ఆ సైనిక సేవా పత్రాల్లో అధిక భాగం 1940 సెప్టెంబరు బాంబు దాడిలో కాలిపోయాయి. పతకాల సూచిక కార్డులు మిగిలాయి, రెజిమెంట్ పేరు అక్కడ దొరుకుతుంది.

గోల్స్ గురించి రాసేటప్పుడు 1925ను ఒక గీతగా భావించండి. ఆ వేసవిలో ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతకు ముందు బంతి ఆడే క్షణాన ఫార్వర్డ్‌కు ముందు ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి, ఇకపై ఇద్దరు చాలు. లీగ్‌లో గోల్స్ ఒక్క ఏడాదిలో 4,700 నుంచి 6,373కు పెరిగాయి. 1924లో పది గోల్స్ చేసినవాడు 1926లో పదిహేను చేస్తే అతను మెరుగయ్యాడని రాయలేము. సెంటర్ హాఫ్‌గా (ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లలో మధ్యవాడిగా) ఆడినవాడు ఆ తర్వాత హఠాత్తుగా జట్టులో చోటు కోల్పోయాడంటే, అతని స్థానం ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్య కాపలాకు మారిపోవడం ఒక కారణమేమో ఆలోచించాలి.

1939 దాకా ఆడినవాడైతే అతని చివరి వరుసను ప్రత్యేకంగా చూడండి. 1939-40 సీజన్ ఆగస్టు 26న మొదలై, సెప్టెంబరు 2 నాటి మ్యాచ్‌ల తర్వాత యుద్ధం రావడంతో రద్దయింది. ఆ రెండు మూడు మ్యాచ్‌లు అధికారిక రికార్డుల్లో లేవు, కానీ కొందరు వృత్తి ఆటగాళ్లకు జీవితంలో చివరి లీగ్ మ్యాచ్‌లు అవే. ఒప్పందాలు ఆగిపోయాయి, జీతాలు ఆగిపోయాయి, రిజిస్ట్రేషన్లు మాత్రం క్లబ్బుల దగ్గరే ఉండిపోయాయి. యుద్ధకాలపు మ్యాచ్‌లకు మొదట్లో ఇచ్చింది 30 షిల్లింగులు, అంటే పౌండున్నర. సరిగ్గా ఆ వారాల్లోనే, సెప్టెంబరు 29న, ఇంగ్లండ్, వేల్స్‌లో సైన్యంలో లేని పౌరుల వివరాలతో 1939 రిజిస్టర్ తయారైంది. అందులో పుట్టిన తేదీ, చిరునామా, వృత్తి ఉంటాయి. అక్కడి నుంచి వీలునామాల క్యాలెండర్‌లో (కోర్టు ధ్రువీకరించిన వీలునామాల ఏటేటి జాబితా) మరణ తేదీనీ, మరణ సూచికలో నమోదునూ వెతకండి. 1969 ఏప్రిల్ తర్వాతి మరణ సూచికలో పుట్టిన తేదీ కూడా ఉంటుంది గనుక దాన్ని జనన నమోదుతో సరిపోల్చి, రెండూ కలిస్తేనే పట్టికలోని చివరి గడి నింపండి.